సైబీరియా నుంచి రాని సైబీరియా పక్షులు

ఈరోజు ఎపిసోడ్ మన జిల్లా గురించే. ఇంకా చెప్పాలంటే, మన జిల్లాలో అందరం చిన్నప్పటి నుంచి వింటూ, ఒక్కసారి కూడా అనుమానించకుండా నమ్మేసిన ఒక మాట గురించి.

మాది పాతపట్నం. మహేంద్రతనయ ఒడ్డున, ఒడిశా బోర్డర్‌ను ఆనుకుని ఉంటుంది. మా స్టేషన్ మీదుగా నౌపడా నుంచి గుణుపూర్ వెళ్లే రైలు లైన్ ఉంది. 1900లో పర్లాకిమిడి రాజావారి హయాంలో మొదలైన చిన్న లైన్ అది. ఒకప్పుడు బొమ్మ రైలులాంటి నారోగేజ్, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. ఆ లైన్‌లో మా ఊరి నుంచి సముద్రం వైపు వెళ్తే టెక్కలి, ఆ తర్వాత నౌపడా వస్తాయి. ఆ చుట్టుపక్కలే ఉంది తేలినీలాపురం. పేరు వినే ఉంటారు. ఏటా వేల పక్షులు వచ్చి అక్కడి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఇంకాస్త పైకి, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి అని ఇంకో ఊరుంది. అక్కడా అంతే, ఇళ్ల మధ్య చెట్ల నిండా పక్షులే.

ఈ పక్షులు ఎక్కడ్నుంచి వస్తాయని మా వైపు ఎవర్ని అడిగినా ఒకటే జవాబు. "సైబీరియా నుంచి." పేపర్లో అదే రాస్తారు, టీవీలో అదే చెప్తారు, స్కూల్ పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్లినప్పుడు సార్లూ అదే చెప్తారు. "వేల కిలోమీటర్లు ఎగిరి మన ఊరికి పురుడు పోసుకోవడానికి వస్తాయి, పిల్లల్ని తీసుకుని మళ్లీ సైబీరియా వెళ్లిపోతాయి." వినడానికి చాలా బాగుంటుంది. ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టు అని పోలిక కూడా పెడతారు.

ఈ మాటని ఈరోజు కాస్త నిదానంగా పరీక్షిద్దాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మాకు నేర్పేది ఒకటే. ఎవరేం చెప్పినా ముందు లాగ్స్ తెరిచి టైమ్ చూడు, ఏది ఎప్పుడు జరిగిందో తేలితే సగం సమస్య విడిపోతుంది. ఇక్కడా అదే చేద్దాం.

ముందు మన పక్షులెవరో పరిచయం చేసుకుందాం. ముఖ్యంగా మూడు రకాలు. తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు. తేలుకుంచిలో ఓపెన్‌బిల్ స్టార్క్‌లు.

పెలికాన్‌ని తెలుగులో గూడబాతు అంటాం. ముక్కు కింద సంచి వేలాడుతుంది కదా, అదే. చాలామంది ఆ సంచిలో చేపలు దాచుకుని తెస్తుందనుకుంటారు. నిజానికి అది సంచి కాదు, వల. చేపల్ని నీళ్లతో సహా లీటర్ల కొద్దీ లోపలికి లాగి, తల వంచి నీళ్లు బయటికి పిండేసి, చేపని మింగుతుంది. పిల్లలకి తెచ్చేది పొట్టలో. గూటికొచ్చాక వెనక్కి కక్కితే, పిల్ల తల్లి నోట్లోకి తల దూర్చి తింటుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లే పిల్లని మింగేస్తోందని కంగారు పడతారు. ఇంకో వింత ఏంటంటే పెద్ద పక్షికి గొంతు దాదాపు లేనట్టే, చాలా మౌనంగా ఉంటుంది. కాలనీలో వినిపించే గోలంతా పిల్లలదే.

పెయింటెడ్ స్టార్క్ అంటే ఎర్రకాళ్ల కొంగ. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఇది చేపని కళ్లతో చూసి పట్టదు. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ ఊపుతుంది, కాలితో బురద కెలుకుతుంది. ముక్కుకి చేప తగలగానే టక్కున మూసేస్తుంది. దీని అమెరికా చుట్టం వుడ్ స్టార్క్ మీద 1960లలో ప్రయోగాలు చేసి కొలిస్తే, ఆ మూయడానికి పట్టే సమయం సగటున సెకనులో నలభయ్యో వంతు అని తేలింది. మనం కన్ను ఆర్పేలోపు ఆ పని నాలుగైదుసార్లు అయిపోతుంది. అందుకే నీళ్లు ఎంత మురికిగా ఉన్నా దానికి ఇబ్బంది లేదు. మధ్యాహ్నం ఎండలో గూటి మీద రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకి నీడ పడుతుంది. ఆపద వస్తే చిన్న పిల్లలు మెడ వాల్చేసి చచ్చినట్టు పడి ఉంటాయి.

మూడోది ఓపెన్‌బిల్. నత్తలు తినే కొంగ. దీని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అడకత్తెరలా. ఆ సందు ఎందుకు అన్నదాని మీద పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. 1960లో జూలియన్ హక్స్‌లీ మ్యూజియంలో ఉన్న ముక్కుల్ని పరిశీలించి, నత్త గుల్లని పగలగొట్టడానికే అన్నాడు. తర్వాత పొలాల్లో కూర్చుని గమనించినవాళ్లు కాదని తేల్చారు. అది గుల్లని పగలగొట్టదు. గుండ్రంగా, జారిపోయే గుల్లని పట్టుకుని, ముక్కు కొసని లోపలికి దూర్చి కండని కోసి బయటికి లాగేస్తుంది. పుట్టినప్పుడు పిల్లల ముక్కుకి ఈ సందు ఉండదు. పెరిగాకే వస్తుంది.

సరే, ఇప్పుడు లాగ్స్ చూద్దాం.

తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు ఎప్పుడొస్తాయి? జూన్‌లో. తొలకరి పడగానే. మన దగ్గర ఉభాలకి నారుమళ్లు సిద్ధమయ్యే రోజుల్లో. చలికాలం మొదలయ్యేసరికి పిల్లలతో వెళ్లిపోతాయి.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. జూన్‌లో సైబీరియాలో ఏముంటుంది? వేసవి. మంచు కరిగి, రోజంతా వెలుతురు, ఎక్కడ చూసినా పురుగులు, గడ్డి. నిజమైన సైబీరియా పక్షులన్నీ ఆ నెలల్లో అక్కడే ఉండి గుడ్లు పెట్టుకుంటాయి. ఏడాదంతటిలో సైబీరియా వదిలిపెట్టి రావడానికి ఏమాత్రం అవసరం లేని నెల అది. చలికి తట్టుకోలేక వచ్చే పక్షి జూన్‌లో ఎందుకొస్తుంది?

తేలినీలాపురం కేసు కొంచెం కన్ఫ్యూజ్ చేస్తుంది. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వానాకాలం చివర్లో, సెప్టెంబరు ప్రాంతంలో వస్తాయి. ఎండలు ముదిరేలోపు వెళ్తాయి. చూడ్డానికి సరిగ్గా సైబీరియా చలికాలం టైమ్‌టేబుల్‌లాగే ఉంది. మన నమ్మకానికి ఇదే కారణమై ఉండొచ్చు. కానీ ఇక్కడ చూడాల్సింది అవి వచ్చి ఏం చేస్తున్నాయన్నది. గూడు కడుతున్నాయి. గుడ్లు పెడుతున్నాయి. నెల రోజులు పొదిగి, ఆ తర్వాత నెలల తరబడి పిల్లల్ని పెంచుతున్నాయి.

వలసపక్షి లెక్క వేరు. ఉత్తరాన పుట్టి చలికాలం గడపడానికి దక్షిణాదికి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. తింటుంది, తిరుగుతుంది, ఒంట్లో కొవ్వు పెంచుకుంటుంది, ఎండలు మొదలవగానే గూడు కట్టడానికి తన ఊరు వెళ్తుంది. మనకి పక్కనే ఉన్న చిలికాకి చలికాలంలో వచ్చే బార్ హెడెడ్ గూస్‌ని చూడండి. తల మీద రెండు నల్ల చారలుంటాయి. మంగోలియా, టిబెట్ వైపు పుట్టి, హిమాలయాలు దాటి వస్తుంది. దాని ఒంటికి ట్రాన్స్‌మిటర్ కట్టి చూస్తే ఏడు వేల మీటర్లకు పైగా ఎత్తులో ఎగిరినట్టు తేలింది. అంత గొప్ప ప్రయాణం చేసి వచ్చినా చిలికాలో గుడ్డు పెట్టదు. గూడు మాత్రం తన ఊళ్లోనే.

అంటే పక్షి సొంతూరు ఏదో తెలియాలంటే అది ఎక్కడ కనిపించిందని కాదు, ఎక్కడ గుడ్డు పెట్టిందని అడగాలి. మన పెలికాన్ శాస్త్రీయంగా స్పాట్ బిల్డ్ పెలికాన్. ప్రపంచం మొత్తం మీద ఇది గూడు కట్టే ముఖ్యమైన ప్రాంతాలు మూడు. మన దక్షిణ భారతం, శ్రీలంక, కంబోడియా. సైబీరియా ఆ లిస్టులోనే లేదు. ఎర్రకాళ్ల కొంగ, ఓపెన్‌బిల్ కూడా దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. అంటే తేలినీలాపురం చింతచెట్టు మీద కళ్లు తెరిచిన పెలికాన్ పిల్ల శ్రీకాకుళం జిల్లా మనిషే. సారీ, పక్షే.

మరి అవి ఫలానా నెలలోనే ఎందుకొస్తాయి? సైబీరియా మంచు వల్ల కాదు, మన వాన వల్ల. ఓపెన్‌బిల్‌కి కావాల్సింది నత్తలు. వాన పడి మడుల్లో నీళ్లు నిలిస్తే నత్తలు బయటికొస్తాయి. అప్పుడు గూడు కడితే పిల్లలు పెరిగేసరికి పొలాల నిండా తిండి. పెలికాన్‌కి చేపలు కావాలి, అదీ మూడు నాలుగు నెలలపాటు ఆగకుండా. వర్షాలకి చెరువులు నిండి, నౌపడా చిత్తడినేలల్లో, సముద్రపు కయ్యల్లో చేప పెరిగాక అవి మొదలుపెడతాయి. మన రైతు వాన చూసి నారు పోసినట్టే, అవి వాన చూసి గూడు కడతాయి.

ఇక్కడ మీకో ప్రశ్న రావాలి. పక్షి ఎక్కడికి వెళ్తుందో అసలు మనిషికి ఎలా తెలిసింది? ఈ చరిత్ర చాలా సరదాగా ఉంటుంది.

రెండు వందల ఏళ్ల క్రితం దాకా యూరప్‌లో పక్షులు చలికాలంలో ఏమవుతాయో గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. చెరువు అడుగున బురదలో నిద్రపోతాయన్నవాళ్లున్నారు, ఇంకో జంతువుగా మారిపోతాయన్నవాళ్లున్నారు. 1822లో జర్మనీలో క్లూట్స్ అనే ఊరి దగ్గర ఒక తెల్ల కొంగని కాల్చారు. దాని మెడలో సుమారు 80 సెంటీమీటర్ల పొడవున్న ఒక ఈటె గుచ్చుకుని ఉంది. ఆ కర్ర ఆఫ్రికాది. అంటే ఆఫ్రికాలో ఎవరో వేటగాడు విసిరిన ఈటెని మెడలో మోసుకుంటూ ఆ కొంగ జర్మనీ దాకా ఎగిరి వచ్చింది. అది బతికుండగానే రుజువుని మోసుకొచ్చిన కొంగ. ఇప్పటికీ రోస్టాక్ యూనివర్సిటీలో దాన్ని అలాగే ఈటెతో సహా భద్రపరిచారు.

ఆ తర్వాత ఈటెల కోసం ఎదురుచూడకుండా మనుషులే గుర్తు కట్టడం మొదలుపెట్టారు. 1899లో డెన్మార్క్‌లో హాన్స్ క్రిస్టియన్ మోర్టెన్‌సెన్ అనే స్కూల్ టీచర్ పక్షుల కాళ్లకి అల్యూమినియం ఉంగరాలు తొడిగాడు. వాటి మీద నంబరు, అడ్రసు. ఎక్కడో ఆ పక్షి దొరికితే ఉత్తరం వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ఈరోజు నడుస్తున్న పద్ధతి అక్కడే మొదలైంది.

మన దేశంలో ఆ పని పెద్ద ఎత్తున మొదలవడం వెనక ఉన్న కథ వింటే ఆశ్చర్యపోతారు. అందులోనూ సైబీరియా ఉంది.

1957లో కర్ణాటకలో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చనిపోవడం మొదలైంది. తర్వాత మనుషులకీ జ్వరం. ల్యాబ్‌లో చూస్తే ఆ వైరస్ రష్యాలో, సైబీరియాలో కనిపించే వైరస్‌లకి దగ్గర చుట్టం. వెంటనే అనుమానం పక్షుల మీదకి వెళ్లింది. సైబీరియా నుంచి వచ్చే వలసపక్షులే ఈ రోగాన్ని మోసుకొచ్చాయా? ఈ ప్రశ్న తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బు సాయం చేసింది. సలీం అలీ నాయకత్వంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1959లో పక్షులకి ఉంగరాలు వేసే భారీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. భరత్‌పూర్, పాయింట్ కాలిమియర్ లాంటి చోట్ల వేలకొద్దీ పక్షుల్ని పట్టి, ఉంగరం తొడిగి వదిలారు.

చివరికి తేలింది ఏంటంటే, ఆ జబ్బుని వ్యాపింపజేసేవి ఆ అడవిలోనే ఉన్న గోమార్లు. సైబీరియా పక్షులు కాదు. మన ఇంట్లోని సమస్యకి మనం చాలా దూరంలో కారణం వెతికామన్నమాట. కానీ ఆ వెతుకులాటలో మనకి వలసల గురించి బోలెడు జ్ఞానం దొరికింది.

ఉంగరాలు మన కొంగల గురించి ఏం చెప్పాయి? భరత్‌పూర్‌లో ఉంగరం తొడిగిన ఒక ఓపెన్‌బిల్ తూర్పున 800 కిలోమీటర్ల దూరంలో దొరికింది. థాయ్‌లాండ్‌లో తొడిగిన ఇంకోటి 1,500 కిలోమీటర్లు పడమటికి వచ్చి బంగ్లాదేశ్‌లో దొరికింది. అంటే ఇవి తిరగవని కాదు, బాగానే తిరుగుతాయి. కానీ వాటి తిరుగుడు ఉత్తర ధ్రువం వైపు కాదు, వాన ఎటు, చెరువు ఎటు, నత్త ఎటు అని. ఇంత బరువైన పక్షులు అంత దూరం ఎలా వెళ్తాయంటే, రెక్కలు ఆడించి కాదు. పొద్దెక్కి నేల వేడెక్కాక పైకి లేచే వేడిగాలిలో గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకెళ్లి, అక్కడ్నుంచి జారుకుంటూ పోతాయి. తేలినీలాపురం వెళ్తే పది దాటాక ఆకాశంలోకి చూడండి. పెలికాన్లు ఒకదాని పైన ఒకటి మెట్లెక్కినట్టు తిరుగుతూ కనిపిస్తాయి.

మరి "సైబీరియా" అన్న పేరు ఎలా అంటుకుంది? నా అంచనా చెప్తాను. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి నిజంగానే సైబీరియన్ క్రేన్లు వచ్చేవి. మంచులా తెల్లటి పెద్ద కొంగలు. దేశమంతా వాటి గురించి పాఠాల్లో, పేపర్లలో చదివింది. ఏటేటా తగ్గుతూ 2001-02 చలికాలం తర్వాత అక్కడికి రావడమే మానేశాయి. క్రేన్లు పోయాయి కానీ పేరు మిగిలింది. ఎక్కడ గుంపుగా పెద్ద తెల్ల పక్షులు కనిపించినా మనం ఆ పేరే తగిలించేశాం.

"సరేలే బాబూ, పేరు తప్పయితే కొంపేం మునిగింది?" అని మీరు అడగొచ్చు. మునుగుతుంది. ఎలాగో చెప్తా.

అతిథి రాకపోతే మనం ఏమనుకుంటాం? దారిలో ఏదో అయి ఉంటుంది, వాళ్ల ఊళ్లో ఏదో అయి ఉంటుంది అనుకుంటాం. కానీ ఇంటి మనిషి రాకపోతే? ఇంట్లో ఏం జరిగిందని చూస్తాం. చరిత్రలో ఈ పక్షులు ఎక్కడెక్కడ మాయమయ్యాయో చూస్తే, ప్రతిసారీ కారణం గూటి చుట్టుపక్కలే ఉంది.

1877లో బర్మాలో సిట్టాంగ్ నది మైదానంలో ఓట్స్ అనే ఇంగ్లీషు ఆయన ఒక పెలికాన్ కాలనీని చూశాడు. మైళ్ల పొడవునా అడవి, చెట్టుచెట్టుకీ గూళ్లు, లక్షల్లో పక్షులు అని రాశాడు. మన ఉత్తరాంధ్ర తాతముత్తాతలు ఓడలెక్కి రంగూన్ కూలికి వెళ్లిన కాలం అది. ఆ దేశంలోనే, ఆ రోజుల్లోనే ప్రపంచంలోకెల్లా పెద్ద పెలికాన్ ఊరు ఉంది. 1940ల నాటికి అది పూర్తిగా లేకుండా పోయింది. లక్షల పక్షులు, ఒక్క మనిషి జీవితకాలంలో.

మన దగ్గరికి వద్దాం. జెర్డన్ అని ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన ఉండేవాడు. 1836లో ఇండియా వచ్చాక మొదట పనిచేసింది గంజాంలోనే. అంటే అప్పట్లో మా పాతపట్నం, పర్లాకిమిడి అన్నీ ఉన్న జిల్లా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత గీశారు కాబట్టి పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. ఈ జెర్డన్ 1860లలో భారతదేశపు పక్షుల మీద పెద్ద పుస్తకం రాశాడు. కర్ణాటిక్ ప్రాంతంలో ఒక ఊరి నడిమధ్య చెట్ల మీద పెలికాన్లు తరతరాలుగా గూళ్లు కడుతున్నాయని, పక్కనే మనుషులు తిరుగుతున్నా వాటికి పట్టింపే లేదని అందులో రాశాడు. అంటే ఊరి మధ్య గూడు కట్టడం ఈ పక్షి పాత అలవాటు. తేలినీలాపురం మొదటిదీ కాదు, ఏకైకదీ కాదు.

1906 ప్రాంతంలో కడప జిల్లాలో ఒక పల్లెలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు కలిసి గూళ్లు కడుతున్నాయని రికార్డయింది. తర్వాత ఆ కాలనీ జాడ మళ్లీ ఎవరికీ దొరకలేదు. దాదాపు నలభై ఏళ్లు, భారతదేశంలో పెలికాన్ ఎక్కడ గూడు కడుతోందో పక్షిశాస్త్రవేత్తలకే తెలియని పరిస్థితి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే ఆయన, తర్వాత ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల పుస్తకం రాసి పేరు తెచ్చుకున్నాయన, కొల్లేరు దగ్గర పశ్చిమగోదావరి జిల్లాలో ఒక పెద్ద కాలనీని చూసి ప్రపంచానికి చెప్పాడు. ఆ ఊరివాళ్లకి అది కొత్త విషయం కాదు. శాస్త్రవేత్తలకే కొత్త.

ఆ కొల్లేరు కాలనీ ఎంతకాలం నిలిచింది? 1975 ప్రాంతానికి పక్షులు దాన్ని వదిలేశాయి. కొల్లేరులో చేపలు పట్టే పద్ధతులు మారడమే కారణమై ఉంటుందని చెప్తారు. కొల్లేరు చేపల చెరువుల కథ, 2006 నాటి ఆపరేషన్ కొల్లేరు కథ మీకు తెలిసిందే. ఇప్పుడు కొల్లేరులో ఆటపాక దగ్గర పెలికాన్లు మళ్లీ పిల్లల్ని పెడుతున్నాయి, కానీ చాలా గూళ్లు మనుషులు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద. చెట్టు లేకపోతే ఇనుమైనా సర్దుకుంటాయి. చేప లేకపోతే మాత్రం సర్దుకోవు.

వీటికి ఎదురుగా ఇంకో రకం చరిత్ర కూడా ఉంది. తమిళనాడులో వేదంతాంగల్ అని ఊరు. అక్కడి చెరువులో చెట్ల మీద పక్షులు. ఎప్పుడో కంపెనీ కాలంలోనే ఆ ఊరివాళ్లు తమ పక్షుల్ని ఎవరూ కాల్చకూడదని 1798లో చెంగల్పట్టు కలెక్టరు దగ్గర ఆర్డరు తెచ్చుకున్నారు. వన్యప్రాణి చట్టం అనే మాట కూడా పుట్టని రోజులవి. భక్తి ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. పక్షుల రెట్ట పడిన చెరువు నీళ్లు పొలానికి పారితే ఎరువు కొనక్కర్లేదు. తేలినీలాపురంలో పెద్దవాళ్లు "పక్షులొస్తే పంట బాగుంటుంది" అంటారు కదా. మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. పక్షులు నిండుగా వచ్చాయంటే వాన బాగా పడింది, చెరువులు నిండాయి, చేప, నత్త పుష్కలంగా ఉన్నాయి అని అర్థం. దానికి తోడు చెట్టు కింద ఎరువు. ఆ మాటలో వ్యవసాయశాస్త్రం ఉంది.

పక్షి వైపు నుంచి చూసినా ఊరు మంచి బేరమే. మనుషులున్నచోట అడవి పిల్లులు, వేట జంతువులు తక్కువ తిరుగుతాయి. మనిషి రాయి విసరడని తెలిస్తే చాలు, మిగతా శత్రువుల్ని మనిషే దూరం పెడతాడు. ఏ కాగితమూ లేని ఒప్పందం ఇది. రెండు వైపులా తరతరాలుగా పాటిస్తేనే నిలుస్తుంది.

ఇప్పుడు మన రోజులకి వద్దాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో మీ అందరికీ గుర్తుంది. అదే గాలికి పక్షులు గూళ్లు కట్టే పెద్ద చెట్లు కూడా కూలాయి. చింతచెట్టు ఒక్క ఏడాదిలో పెరిగేది కాదు. తాత నాటితే మనవడి కాలానికి గూడు మోసేంత కొమ్మ వస్తుంది.

తర్వాత 2021 డిసెంబరు, 2022 జనవరి. తేలినీలాపురంలో పెలికాన్లు చెట్ల మీద నుంచి రాలిపడ్డాయి. వందకు పైగా చనిపోయాయి. పరీక్షలు చేస్తే కడుపులో నులిపురుగులు. నెమటోడ్ అంటారు. అవి చేప ద్వారా లోపలికి వెళ్తాయి. పక్షి ఏ నీళ్లలో చేప తింటే ఆ నీళ్ల ఆరోగ్యమే దానికొస్తుంది.

ఇక్కడే పేరు సంగతి ముఖ్యమవుతుంది. "సైబీరియా పక్షులు చనిపోయాయి" అని చదివినప్పుడు మనకి ఏమనిపిస్తుంది? అయ్యో పాపం, అంత దూరం నుంచి వచ్చి, ప్రయాణం బడలికేమో, వాతావరణం పడలేదేమో అనిపిస్తుంది. కానీ ఆ పెలికాన్లు తిన్న చేపలు సైబీరియావి కావు. మన చుట్టూ ఉన్న చెరువులవి, కయ్యలవి. అదే చేప మన కంచంలోకీ వస్తుంది. అవి ఇక్కడి పక్షులని ఒప్పుకున్న క్షణం నుంచి ప్రశ్న మారుతుంది. రష్యాలో ఏం జరిగిందని కాదు, టెక్కలి, సంతబొమ్మాళి మండలాల నీళ్లలో ఏం జరుగుతోందని అడగాలి. నౌపడా చిత్తడినేల ఎంత మిగిలింది, ఏ చెరువు పూడ్చారు, ఏ చెట్టు కొట్టారు అని అడగాలి.

పక్షుల పండగలకో, ఫొటోలకో వెళ్లినప్పుడు కూడా ఈ తేడా గుర్తుపెట్టుకోండి. అతిథి అనుకుంటే వచ్చిన నాలుగు నెలలు చూసుకుంటే చాలనిపిస్తుంది. పక్షి వెళ్లిపోయిన మిగతా నెలల్లో ఆ చెట్టు కొమ్మ, ఆ చెరువు ఎవరికీ పట్టవు. కానీ పక్షికి అసలు అవసరం ఆ నెలల్లోనే. చెట్టు ఎండాకాలం బతికితేనే సెప్టెంబరులో గూడు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. వలస అంటే ఏంటో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకప్పుడు రంగూన్, ఆ తర్వాత వైజాగ్, హైదరాబాద్, చెన్నై. మన మత్స్యకారులైతే గుజరాత్‌లో వెరావల్ దాకా వెళ్తారు. పది నెలలు అక్కడ పని చేసి, పండక్కి రైలెక్కి ఇంటికొస్తారు. వచ్చినవాణ్ణి ఊళ్లో ఎవరైనా "గుజరాతీ వచ్చాడు" అంటారా? "మా చిన్నాన్న కొడుకు, ఊరొచ్చాడు" అంటారు. ఎక్కడ తిండి దొరికితే అక్కడ తిరిగి, ఇల్లు కట్టడానికీ పిల్లల్ని కనడానికీ సొంతూరు వచ్చేవాడు ఆ ఊరివాడే కదా.

ఈసారి తేలినీలాపురం వెళ్తే, పక్కన పిల్లలుంటే, "ఇవి సైబీరియా నుంచి వచ్చాయి" అనకండి. "ఇవి మన ఊళ్లో పుట్టినవే, తిండి కోసం బయట తిరిగి ఇంటికొచ్చాయి" అని చెప్పండి. అలాగే మీ ఊళ్లో ఒకప్పుడు పక్షులు గూళ్లు కట్టిన చెట్టు ఏదైనా ఉండేదేమో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఏ చెరువు గట్టు మీద, ఏ రకం పక్షి, ఎప్పుడు మానేశాయి, అప్పుడే ఊళ్లో ఇంకేం మారింది అని. కడపలో ఒక కాలనీ ఎలా పోయిందో రాసిపెట్టినవాళ్లు లేక మనకి తెలియకుండా పోయింది. మన జిల్లాలో అలా జరగకూడదు. మీ అమ్మమ్మకి గుర్తున్నది మీరు రాసిపెడితే అదే రికార్డు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.